వెనక మెట్టు మీద గిన్నె

ఆమా ఆ పూట కూడా నోరు తెరవలేదు.

లస్త్రి చెంచా ఆమె పెదవులకు ఆనించి కాసేపు ఓపిక పట్టింది. మెత్తగా కాచిన జావ, అందులో ముళ్ళు ఏరి నలిపిన చేప, పైన రెండు చుక్కల నువ్వుల నూనె. ఆ వాసన తగిలితే చాలు, ఒకప్పుడు ముసలామె కర్ర టకటకలాడించుకుంటూ వంటింట్లోకి వచ్చేసేది. ఇప్పుడు పళ్ళు బిగించి, మొహం కిటికీ వైపు తిప్పుకుని పడుకుంది.

"ఒక్క చెంచా ఆమా. నన్ను తిట్టాలన్నా ఒంట్లో సత్తువ ఉండాలి కదా."

తిట్టు అన్న మాటకు ముసలామె కంట్లో చిన్న మెరుపు వచ్చింది. దవడ మాత్రం కదల్లేదు.

తైవాన్ పడమటి ఒడ్డున, ఆల్చిప్పలు పెంచుకు బతికే ఆ ఊళ్ళో అవ్వలందర్నీ ఆమా అనే పిలుస్తారు. జావా నుంచి ఈవిడను చూసుకోవడానికి వచ్చిన లస్త్రికీ ఆమాయే. నిజానికి వచ్చిన కొత్తలో చూసుకోవడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు, ముసలామే లస్త్రిని చూసుకునేది. ఊరి భాష నేర్పింది. అందులోనూ తిట్లు ముందు నేర్పింది. తూకంలో మోసం చేసే చేపలవాణ్ణి ఏమనాలో, అడ్డం వచ్చిన స్కూటరువాణ్ణి ఏమనాలో ఒక్కొక్కటీ నోట పలికించి, సరిగ్గా పలికితే పకపకా నవ్వేది. మొన్న ఆకులు రాలే కాలంలో కుడి పక్క చచ్చుబడింది. అప్పటినుంచి మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది, అదీ మనసు పుట్టినప్పుడు.

లస్త్రి జావ పక్కన పెట్టింది. ముసలామెను ఎడమ పక్కకు ఒత్తిగిల్లజేసి, వీపు వెనక దిండు దూర్చి, అరచెయ్యి దోసిలిలా వంచి కింద నుంచి పైకి తట్టసాగింది. ఛాతీలో కఫం కదలాలంటే అలా తట్టాలి. తడుతున్నంతసేపూ మనసులో కోడలు షూచిన్ పొద్దున ఫోనులో అన్న మాటే తిరుగుతోంది. "కొత్త సంవత్సరం పండక్కి వస్తున్నాం కదా, అప్పటిదాకా చూద్దాం. అప్పటికీ తినకపోతే ముక్కులో గొట్టం వేయించేద్దాం లస్త్రీ. డాక్టరుతో మాట్లాడాను. నీకూ పని తేలికవుతుంది."

పని తేలికవడమెలా ఉంటుందో లస్త్రికి తెలుసు. పక్క వీధిలో మర్యాతి చూసుకునే తాతకు గొట్టం ఉంది. పీకేసుకోకుండా ఆయన రెండు చేతులకూ గుడ్డ తొడుగులు తొడిగి మంచానికి కట్టారు. మర్యాతి సిరంజితో పాలలాంటిది పోస్తుంది, తాత పైకప్పు వైపు చూస్తుంటాడు. ఆమాకు ఆ గతి పట్టకూడదు. ఆ ఒక్కటీ జరగకూడదని లస్త్రి గట్టిగా అనుకుంటోంది గాని, ఎవరికి మొక్కుకోవాలో తెలియని రోజులు అవి.

ఉన్నట్టుండి ముసలామె ఎడమ చెయ్యి వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది.

"గిన్నె," అంది. తర్వాత చాలాసేపటికి, "వెనక."

లస్త్రికి నవ్వొచ్చింది. ఆ గిన్నె ఆమెకు తెలుసు. కొత్త సంవత్సరం ముందు రోజు సాయంత్రం, ఇల్లంతా చుట్టాలతో నిండిపోయి, ముందు గదిలో గుండ్రబల్ల చుట్టూ ఇంకో కుర్చీకి చోటు లేనప్పుడు, వంటింటి వెనక మెట్టు మీద మూతపెట్టి ఒక గిన్నె ఉండేది. రొయ్య బొమ్మ వేసిన పాత గిన్నె, అంచున చిన్న పెచ్చు ఊడింది. వేడి అన్నం, గుడ్డట్టు, వేయించిన చేపముక్క, పక్కన చాప్‌స్టిక్స్. మొదటి ఏడు దాన్ని చూసి లస్త్రి ఆ మెట్టు మీదే కూర్చుని ఏడుస్తూ తింది. సముద్రాలు దాటి వచ్చిన తనకు చోటు లేదని గమనించి, ఎవరికీ చెప్పకుండా ఆమా తీసిపెట్టిందనుకుంది. రెండో ఏడూ అలాగే తింది.

"నా గిన్నె గురించి బెంగా? ఈసారి నేనే పెట్టుకుంటాలే ఆమా. నువ్వు నాలుగు మెతుకులు తిను, అదే పదివేలు."

ముసలామె తల అడ్డంగా ఊపింది. మణికట్టు వదలలేదు.

"ఆబీ," అంది. "ఆబీ."

ఆ మాట లస్త్రి ఎప్పుడూ వినలేదు. అది తిట్టు కాదని మాత్రం అర్థమైంది. ముసలామె ఎడమ కంట్లోంచి నీళ్ళు కారి దిండులోకి ఇంకుతున్నాయి.

*

ఆల్చిప్పలు ఒలవడం పక్కింటి ఆయింగ్ పిన్ని ఇంటి వరండాలో జరుగుతుంది. గాలికి అడ్డంగా నీలం పట్టా కట్టి, కింద పీటలు వేసుకుని కూర్చుంటారు. ఆమాకు కునుకు పట్టినప్పుడు లస్త్రి కూడా వెళ్ళి కూర్చుంటుంది. కాగితాల ప్రకారం అది ఆమె పని కాదు. కానీ పిన్ని బేబీ మానిటరు పెట్టె పక్కనే పెట్టుకుని "మీ ముసలిది తుమ్మినా నాకు వినబడుద్దిలే, కూర్చో" అంటే కాదనలేదు. పైగా ఒంటరిగా గోడలు చూడ్డం కంటే అదే నయం.

చిప్ప మూత కలిసే చోట పొట్టి కత్తి మొన దూర్చి, మణికట్టు తిప్పితే మూత వస్తుంది. అడుగున కండ కోసి, గిన్నెలోకి జార్చాలి. పండగ ముందు గిరాకీ ఎక్కువ, పిన్ని చేతులు ఆగవు, నోరూ ఆగదు.

"పిన్నీ, ఆబీ అంటే ఏంటి?"

పిన్ని చేతులు ఆగాయి.

"ఎవరన్నారు?"

"ఆమా అంది. అన్నం ముట్టట్లేదు. గిన్నె అంటది, వెనక అంటది, ఆబీ అంటది. ఏడుస్తది."

పిన్ని పట్టా అవతలికి ఓసారి తొంగిచూసింది, సముద్రపు కట్ట మీద గాలి తప్ప ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

"దాని కూతురే. పెద్దది. మీ షూచిన్ మొగుడు కున్‌లాంగ్‌కి అక్క. పందొమ్మిదేళ్ళప్పుడు పోయింది. సముద్రంలో ఆల్చిప్పలు పెంచే పందిళ్ళ దగ్గరికి ఎద్దుబండి మీద పోయింది, పొగమంచులో పోటు ముంచుకొచ్చింది. ఎద్దు ఇంటికొచ్చింది, పిల్ల రాలా. నాకు దానికీ ఒకటే ఈడు. ఆ రోజు నేను కూడా పోవాల్సింది, జొరమని పడుకున్నా."

లస్త్రి ఇంకో చిప్ప చేతిలోకి తీసుకుంది.

"ముందు గదిలో పీఠం మీద ఆ పేరు లేదే? నేను రోజూ తుడుస్తాగా, పోయిన పెద్దల పేర్లున్న పలక."

"ఎట్టుంటది? పెళ్ళి కాని పిల్లకి పుట్టింటి పలక మీద చోటుండదు. పెళ్ళైతే మొగుడింటి పలక మీదికి పోద్ది. కాకుండా పోతే ఎటూ కాదు. కట్ట అవతల ఆడపిల్లల గుడుంది చూడు, చిన్నది, అందులో పెట్టారు. అక్కడ తెలీని పిల్లలు చాలామందే ఉన్నారు. పండక్కి పెద్దోళ్ళందరికీ ముందు గదిలో విందు పెడతారు, దీనికి పెట్టరు. మీ ఆమా ఊరుకుంటదా? మొగుడు చూడకుండా, అగరొత్తి కూడా ముట్టించకుండా, వెనక మెట్టు మీద దాని గిన్నెలోనే దానికి అన్నం పెట్టేది. రొయ్య బొమ్మ గిన్నె. ఏటా."

లస్త్రి కత్తి జారింది. బొటనవేలి దగ్గర సన్నగా ఎర్రగీత పడింది. ఉప్పునీళ్ళు తగిలి భగ్గుమంది గాని ఆమెకు తెలియలేదు.

"నలభై ఏళ్ళు పైగా పెట్టింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా గిన్నె ఖాళీ కాలా. ఈ ఊరి పిల్లులకి ఆల్చిప్పలుండగా అన్నమెందుకు? తెల్లారి అట్టాగే తీసి చెట్టు మొదట్లో పోసేది, ఏడ్చేది. అలాంటిది ముందటేడు ఏమైందో! పొద్దున్నే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది, కర్ర కూడా లేకుండా. 'ఆయింగూ, తిన్నది, మెతుకు మిగల్చకుండా తిన్నది' అని. పోయినేడు కూడా తిన్నదంట. వీధి వీధంతా చెప్పుకుంది. వాళ్ళ కోడలు సిగ్గుతో చచ్చిపోయింది."

"మెతుకు మిగల్చకుండా," అంది లస్త్రి. ఆ మాట తన నోటి నుంచి వచ్చినట్టు కూడా ఆమెకు తెలియలేదు.

"మరే. ఆబీ తిండిపోతు. ఉడికించిన పంది మాంసమంటే ప్రాణం పెట్టేది. కొవ్వున్న ముక్క కోసం తమ్ముడితో కొట్టుకునేది... అదేంటే, వేలు కోసుకున్నావా? రక్తం! చూపించు ఇటు."

*

ఆ సాయంత్రం చెత్త బండి పాట పాడుకుంటూ వచ్చేసరికి వీధి చివర సంచులతో సగం మంది జావా వాళ్ళే ఉన్నారు. రోజంతా మంచాలకు అంటుకుని ఉండే ఆడవాళ్ళు కలుసుకునేది ఆ పాట పుణ్యాన. పండగ ముందు ఇళ్ళన్నీ దులుపుతారు కాబట్టి సంచులు పెద్దవి, బండి మెల్లగా నడుస్తుంది, కబుర్లకు కాస్త వ్యవధి దొరుకుతుంది.

"మొహమేంటి అలా ఉంది? దయ్యాన్ని చూశావా?" అంది మర్యాతి, రెండు చేతుల్లో రెండు సంచులు మోసుకొస్తూ.

"చూళ్ళేదు. దాని అన్నం తిన్నాను."

మర్యాతి నవ్వబోయి, మొహం చూసి ఆగిపోయింది. లస్త్రి గబగబా చెప్పేసింది. బండి దగ్గరకొచ్చింది, సంచులు విసిరేశారు, బండి వెళ్ళిపోయింది. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

"తెలీక తిన్నావు," అంది మర్యాతి చివరికి. "తెలీకుండా తిన్నది పైవాడు లెక్కెయ్యడు. కానీ లస్త్రీ, చచ్చినోళ్ళకి పెట్టిన అన్నమని ఇప్పుడు తెలిసిపోయింది. ఈసారి దాని జోలికి పోకు."

"నేను తినకపోతే గిన్నె నిండుగానే ఉంటుంది. ఆమా చూస్తుంది. కూతురు రాలేదనుకుంటుంది. ఇప్పటికే నోరు తెరవట్లేదు, ఇంక అసలు తెరవదు. గొట్టం వేస్తారు."

"అయితే తీసి చెట్టు మొదట్లో పొయ్యి. ఖాళీ గిన్నె చూపించు."

"అబద్ధం చెప్పమంటావా?"

"మరి ఏం చేస్తావే? తింటావా తెలిసి తెలిసి?" మర్యాతి మొహం చిరాకుగా పెట్టింది, మళ్ళీ మెత్తబడింది. "నువ్వు అసలు నమాజు చేస్తున్నావా లేదా? నిజం చెప్పు."

లస్త్రి ఖాళీ చేతులు దులుపుకుని ఇంటి వైపు తిరిగింది.

చేయడం లేదు. పోయిన రంజాన్‌లో అమ్మ పోయిన దగ్గర్నుంచి చేయలేదు. అమ్మ పోయే ముందు రోజు, ఉపవాసం విడిచే వేళ ఫోనులో ఆమె వాయిస్ మెసేజ్ వచ్చింది. "తిన్నావా తల్లీ?" అంతే, ఆ రెండు మాటలే. లస్త్రి చేతులు ఆల్చిప్పల నీళ్ళలో ఉన్నాయి. తర్వాత చెబుదాంలే అనుకుంది. ఆ తర్వాత అనేది రాలేదు. నమాజు చాప పరిచినప్పుడల్లా ముందు ఆ ప్రశ్నే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. దానికి జవాబు చెప్పనిదాన్ని దేవుడితో ఏం మాట్లాడతాను అనిపిస్తుంది. చాప చుట్టి పెట్టెలో పెట్టేసింది. ఆ గొంతు మాత్రం ఫోనులో అలాగే ఉంది. చెరపలేదు, మళ్ళీ వినలేదు కూడా.

ఇంటికొచ్చి వంటింట్లో దీపం వేసింది. వెనక తలుపు గాలికి గొళ్ళెం దగ్గర కొట్టుకుంటోంది. రోజూ కొట్టుకునేదే. ఆ రోజు మాత్రం ఎవరో వేలి కణుపుతో తడుతున్నట్టే ఉంది, ఆకలిగా ఉన్నవాళ్ళు మొహమాటంగా తట్టినట్టు. తీసి చూసింది. మెట్టు తడిగా ఉంది, ఆల్చిప్పల బకెట్ నీళ్ళే అయి ఉంటాయి. అయినా రెండేళ్ళు నీ అన్నం తిన్నది నేనే అని ఆ తడికి చెప్పాలనిపించింది. తలుపు వేసేసింది.

పడుకున్నాక అమ్మ గుర్తొచ్చింది. అమ్మకీ ఇలాంటిదే ఒక అలవాటు. గురువారం సాయంత్రమైతే నాన్న పేరు చెప్పి కిటికీలో గ్లాసుడు కాఫీ పెట్టేది. మసీదు ముల్లా మందలించేవాడు, ఇదేం మతమమ్మా, పోయినవాడు కాఫీ తాగుతాడా అని. "తాగుతాడని కాదు బాబూ, పెట్టకుండా ఉండలేక" అనేది. పొద్దున్నే బడికి పోతూ ఆ చల్లారిన కాఫీని లస్త్రి గటగటా తాగేసేది. తియ్యగా భలే ఉండేది. దొంగతనంగానే తాగేది, దొరికింది మాత్రం లేదు. ఇప్పుడు ఆ అమ్మకు ఎవరు ఏం పెడుతున్నారు? తమ్ముడు సౌదీలో ఉన్నాడు. ఊళ్ళో ఇంటికి తాళం. ఏడో రోజు, నలభయ్యో రోజు చుట్టాలే చేశారు, లస్త్రి ఫోనులో చూసింది. అందరూ అన్నం తింటున్నారు, ఫోను ఎవరో గోడకు ఆనించారు, సగం వీపులే కనిపించాయి.

*

కొత్త సంవత్సరం ముందు రోజు పొద్దున్నే కున్‌లాంగ్, షూచిన్, వాళ్ళ కొడుకూ కోడలూ వచ్చారు. కోడలికి ఏడో నెల. ఇంట్లో కాళ్ళ చప్పుడు, వంటింట్లో ఆవిరి. షూచిన్ మంచి మనిషే, పరుగు మనిషి. చెయ్యి వేసిన పని అయ్యేదాకా ఊపిరి తీసుకోదు. వచ్చీ రాగానే ఆమా గదిలోకి వెళ్ళి, దవడ పట్టుకు చూసి, నిట్టూర్చి బయటికొచ్చింది.

"ఏమీ తినట్లేదా?"

"నిన్న రెండు గుక్కల నీళ్ళు, మేడమ్."

"ఇంక లాభం లేదు. పండగ వెళ్ళగానే గొట్టమే." ఆయుష్షు తెగకూడదని ఆవకూర కాడలు విరవకుండా నిలువునా కడుగుతూ, తల ఎత్తకుండానే అంది, "ఇంకోటి. వెనక మెట్టు మీద గిన్నెలూ అవీ ఏం పెట్టకు ఈసారి. అత్తయ్య నీకు చెప్పే ఉంటుంది. పిల్ల కడుపుతో ఉంది, ఇంటి వెనక దయ్యాలకి విందులు వద్దు. నాకు భయం."

ఆ భయం నాటకం కాదు. లస్త్రి "సరే మేడమ్" అంది. అనేసి కోడిని కడగడానికి వంగింది. కడిగినంతసేపూ ఆ సరే గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. వద్దనడానికి ఇల్లంతా ఉంది. పెట్టమనడానికి మంచాన పడ్డ మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషికి మాటే లేదు.

మధ్యాహ్నం ముందు గదిలో పీఠం ముందు బల్ల వేశారు. తలతో సహా కోడి, తోకతో సహా చేప, ఉడికించిన పంది మాంసం, ఆల్చిప్పల అట్టు, అన్నం గిన్నెలు వరసగా. కున్‌లాంగ్ అగరొత్తులు వెలిగించి పెద్దల్ని పిలిచాడు. తాత, ముత్తాత, నాన్న, పేరు పేరునా. లస్త్రి వంటింటి గుమ్మంలో నిలబడి వింది. ఆబీ పేరు వస్తుందేమోనని చెవి ఒగ్గి వింది. రాలేదు.

అప్పుడు ఆమె ఆమా గదిలోకి వెళ్ళింది. ముసలామె చూపు తలుపు మీదే ఉంది. ఆ చూపు ఎన్ని గంటల నుంచి అక్కడే ఉందో. లస్త్రి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెవిలో అంది: "పెడతాను. ఆబీకి పెడతాను. అన్నీ నీకు చూపించే పెడతాను."

వంటింట్లో గిన్నె కనిపించలేదు. కింది అరలు, కడిగిన గిన్నెల బుట్ట, బియ్యం డబ్బా వెనక అన్నీ వెతికింది. వెనక అడుగుల చప్పుడై తిరిగి చూస్తే కున్‌లాంగ్. అగరొత్తి మసి ఇంకా వేళ్ళకుంది. ఆయన మడమలెత్తి, పై అరలో పాత ఆవిరి గిన్నెల వెనక చెయ్యి పెట్టి రొయ్య బొమ్మ గిన్నె తీశాడు. కుళాయి కింద దుమ్ము కడిగాడు, చొక్కా అంచుతో తుడిచాడు.

"ఇందులో అక్క నన్ను ఒక్కసారి కూడా తిననిచ్చేది కాదు," అన్నాడు గిన్నెతో చెబుతున్నట్టు. "గొప్ప పిసినారిది."

గిన్నె ఆమె ముందు పెట్టి, షూచిన్‌ని ఏదో అడిగే నెపంతో గట్టిగా పిలుస్తూ ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

లస్త్రి వేడి అన్నం పెట్టింది. గుడ్డట్టు వేసింది. చేపముక్క వేసింది. ఆఖర్న పొడుగు చాప్‌స్టిక్స్ తీసుకుని, చేతికి తగలకుండా, కొవ్వున్న పంది మాంసం ముక్క ఒకటి ఏరి అన్నం మీద పెట్టింది. ముట్టుకోవడానికే ఇష్టపడని దాన్ని పెట్టేటప్పుడు ఆమెకు ఆశ్చర్యంగా ఉంది, అసహ్యం రాలేదు. ఒక పిల్లకు ఇష్టమైన ముక్క అది, తమ్ముడితో కొట్టుకుని తిన్న ముక్క.

గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని మంచం దగ్గరికి తెచ్చింది. ముసలామె తల కింద చెయ్యి వేసి లేపి చూపించింది.

"చూడు ఆమా. ఆబీకి ఇష్టమైందే."

ముసలామె చూసింది. చాలాసేపు చూసింది. ఎడమ చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చి, వణుకుతూ గిన్నె దాకా వచ్చి, అన్నం మీది మాంసం ముక్కను వేలితో అంచు దాకా తోసింది. ఇంకోసారి తోసింది. ముక్క దుప్పటి మీద పడింది.

"వద్దా? ఆబీకి అదంటే ప్రాణమటగా? ఆయింగ్ పిన్ని చెప్పింది."

ముసలామె పెదవులు కదిలాయి. మాట కోసం ఎక్కడో లోతుకు వెళ్ళి, ఒక్కొక్క ముక్కే పైకి తెస్తున్నట్టు అంది:

"నువ్వు... తినవు... గా."

లస్త్రికి ముందు అర్థం కాలేదు. తర్వాత మొదటి ఏటి గిన్నె కళ్ళ ముందుకు వచ్చింది. అందులో ఒక పంది మాంసం ముక్క ఉంది. ఉంది, ఆమె దాన్ని తీసి మెట్టు అంచున పెట్టింది, మిగతాదంతా తింది. రెండో ఏడు గిన్నెలో ఆ ముక్క లేదు, దాని చోట రెండో చేపముక్క ఉంది. అవును, రెండు చేపముక్కలు ఉన్నాయి. ఆమాకు తెలుసు. మొదటి రాత్రే తెలుసు. తెలిసే తెల్లారి కర్ర లేకుండా పిన్ని ఇంటికి పరిగెత్తింది. తెలిసే వీధంతా చెప్పింది, తిన్నది, మెతుకు మిగల్చకుండా తిన్నది అని.

"మరి ఆబీ?" అంది. గొంతు పిల్ల గొంతులా వచ్చింది.

ముసలామె చచ్చుబడని సగం మొహంతో నవ్వింది. పాత నవ్వు, తిట్టు సరిగ్గా పలికినప్పుడు నవ్వే నవ్వు.

"చచ్చినోళ్ళకి... పళ్ళేవే... పిచ్చిదానా," అంది. ఆయాసపడి, ఆగి, వేలితో లస్త్రి కడుపు మీద పొడిచింది. "ఇక్కడ... నిండితే... నిండినట్టే."

లస్త్రి గిన్నె తీసుకుని వెనక తలుపు తీసింది.

గాలి చల్లగా కోస్తోంది. కట్ట అవతల నీళ్ళు దూరంగా పోయి ఉన్నాయి, పందిళ్ళ గుంజలు నల్లగా నిలబడ్డాయి. మెట్టు తడిగానే ఉంది. ఆమె ఒక పక్కకు జరిగి, ఇంకొకరికి చోటు వదిలి కూర్చుంది. ఎవరో పక్కన ఉన్నారని ఆమెకు తెలుస్తూనే ఉంది. భయం పోలేదు, కాని ఆ భయంతో లేచి పారిపోవాలని లేదు. వదిలిన చోటు వైపు చూడకుండా గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

మర్యాతి మాటలు గుర్తొచ్చాయి. తెలిసి తెలిసి తింటావా? ఇది చచ్చినవాళ్ళకి పెట్టిన అన్నమా, తనకు పెట్టిన అన్నమా? దాన్ని తేల్చగల ముల్లా ఇక్కడ లేడు. ముల్లాను కాక అమ్మనే అడగాలనిపించింది. అలా అనుకోగానే కిటికీలో కాఫీ గ్లాసు గుర్తొచ్చింది, దాని తీపి నాలుక మీదికి వచ్చింది. నాన్న ఏనాడూ కాఫీలో చక్కెర వేసుకోలేదు. చేదుగా తాగేవాడు, చక్కెర వేస్తే ఉమ్మేసేవాడు. మరి ఆ గ్లాసులో అంత చక్కెర ఎవరి కోసం వేసింది అమ్మ?

లస్త్రి అక్కడే, ఆ తడి మెట్టు మీద, గిన్నె మీద వంగి ఏడ్చింది. గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, కుడి చేతి వేళ్ళు కడుక్కుని, "బిస్మిల్లా" అంది. నెలల తర్వాత ఆ మాట నోటికి వచ్చింది. వచ్చినట్టే ఉండిపోయింది. చేత్తోనే తింది, ఇంట్లో తిన్నట్టు. అన్నం ఇంకా వెచ్చగా ఉంది. చేప తల దగ్గరి ముక్క, ముళ్ళు ఎక్కువ, ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ నిదానంగా తింది.

లోపల ముందు గదిలో నెలవంక ఆకారం చెక్కలు రెండు నేల మీద పడ్డ చప్పుడైంది. పెద్దలు తృప్తిగా తిన్నారో లేదో అడుగుతున్నారు. తిన్నారని చెక్కలు చెప్పినట్టున్నాయి, అందరూ "హమ్మయ్య" అన్నారు. షూచిన్ వంటింట్లోకి వచ్చింది. తెరిచిన వెనక తలుపు చూసింది, మెట్టు మీద కూర్చున్న లస్త్రిని చూసింది, ఆమె ఒళ్ళో రొయ్య బొమ్మ గిన్నె చూసింది. గాలి ముఖాన కొట్టింది. ఆమె "చలి కదా, లోపల కూర్చుని తినకూడదూ," అని మాత్రం గొణిగి, ఆవకూర పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు వేయలేదు.

గిన్నెలో మెతుకు మిగల్లేదు. లస్త్రి దాన్ని పట్టుకుని ఆమా గదిలోకి వచ్చి, ముసలామె కళ్ళ ముందు వంచి చూపించింది. అంచున పెచ్చు ఊడిన చోట ఒక ముల్లు అంటుకుని ఉంది. ముసలామె చూపు గిన్నె మీద నుంచి లస్త్రి మొహం మీదికి వచ్చి ఆగింది.

"తిన్నావా?" అంది. ఈసారి మాట ముక్కలవలేదు.

లస్త్రి నోరు తెరిచింది. జవాబు ఊరి భాషలో రాలేదు, అమ్మ భాషలో వచ్చింది. తిన్నానమ్మా. కడుపు నిండా తిన్నాను. అప్పుడు చెప్పలేకపోయాను, చేతులు తడిగా ఉన్నాయి. తిన్నాను.

ఆ భాషలో ముసలామెకు ఒక్క ముక్క రాదు. అయినా మధ్యలో ఆపకుండా చివరిదాకా వింది. విని, "ఊఁ," అంది.

లస్త్రి కళ్ళు తుడుచుకుని, జావ వేడి చేసి తెచ్చింది. రెండు చుక్కల నువ్వుల నూనె వేసింది. చెంచా పెదవుల దాకా తీసుకెళ్ళి ఆగింది, బతిమాలలేదు.

ఆమా నోరు తెరిచింది.